బండ కింద కాపురం

తెల్లారేసరికి వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు పెట్టేశారు. స్నానం చేసొచ్చి చూస్తే... బండకీ బండకీ మధ్య సందు పొడవునా సన్నటి మట్టి కుప్పలు! జల్లెడ పట్టి పోసినట్టు అన్నీ ఒకే తీరు రేణువులు. విసుక్కుంటూ మళ్లీ చీపురు పడతారు. మర్నాడు పొద్దున్నే మళ్లీ అవే కుప్పలు. కొన్నాళ్లకు ఓ బండ మీద కాలు వేయగానే టకటకా ఊగడం మొదలవుతుంది. ఇదంతా చీమల పనే.

మట్టినైతే ఊడ్చుకోవచ్చు. కానీ వాకిట్లో పాకే పసివాడుంటే? చీకటితోనే లేచి, చెప్పుల్లేకుండా పూలు కోసుకొచ్చే బామ్మ ఉంటే? ఎర్రచీమలు కుడితే ఒక బాధ. ఊగే బండ మీద కాలు జారి పెద్దవాళ్లు పడితే అది నెలల తరబడి మంచం పట్టించే బాధ. అందుకే చీమలే కదా అని వదిలేయకూడదు.

అక్కడే ఎందుకు?

తాండూరు, షాబాద్, కడప... ఏ బండలైనా సరే, వాకిట్లో పరిచేటప్పుడు చాలామంది కింద ఇసుక పోసి సర్దించేస్తారు. పైన కప్పులా బండ, కింద పొడి ఇసుక, రాకపోకలకు తలుపులా సందు. చీమలకు ఇంతకన్నా ఏం కావాలి? పగలు ఎండకు కాగిన బండ రాత్రి చాలాసేపు వెచ్చగా ఉంటుంది. వాన నేరుగా పుట్టలో పడదు. ఇసుకను తవ్వడం తేలిక. తవ్విన రేణువుల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకొచ్చి పైన పడేస్తాయి. అంటే పైన కనిపించే కుప్ప ఎంతో, బండ కింద ఖాళీ అంత అన్నమాట.

తిండికీ లోటుండదు. గిన్నెలు తోమిన చోట మెతుకులు, బియ్యం చెరిగిన చోట నూకలు, పిల్లలు పారేసిన బిస్కెట్ ముక్కలు. పక్కనే మందార మొక్క ఉంటే మరీ సుఖం. కొమ్మలకు పట్టే పిండినల్లి తియ్యటి జిగురు వదులుతుంది. దానికోసం చీమలు పిండినల్లిని కాపలా కాసి మరీ కాపాడతాయి. కాబట్టి పిండినల్లి కనిపిస్తే ఆకుల అడుగున సబ్బునీళ్లు కొట్టి కడిగేయండి. కుండీలను నేల మీద కాకుండా స్టాండు మీద పెట్టండి.

ఆ పాత డబ్బా వద్దు

ఒకప్పుడు చీమలంటే గమాక్సిన్ పొడి చల్లడమే. గోడల వెంట తెల్లటి గీతలు చాలా ఇళ్లలో కనిపించేవి. ఆ పొడిలోని బీహెచ్‌సీని మన దేశంలో 1997లో నిషేధించారు. అదే కుటుంబానికి చెందిన లిండేన్ వాడకం కూడా 2013తో ఆగిపోయింది. ఇవి మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి, నరాల మీద ప్రభావం చూపుతాయి. అటక మీద ఆ పాత డబ్బా ఇంకా ఉంటే సందుల్లో పోయకండి. చీమల చాక్‌పీసుతోనూ జాగ్రత్త. పిల్లలకు అది పలక మీద రాసే బలపంలాగే కనిపిస్తుంది!

మరిగే నీళ్లు పోస్తే పైన ఉన్నవి చస్తాయి. లోతుగా ఉన్న రాణి చీమ మాత్రం గుడ్లు పెడుతూనే ఉంటుంది. పైగా కాళ్ల మీద చిందితే బొబ్బలు. కిరోసిన్‌తో మంటల భయం, మట్టికి చేటు. ఉప్పు పోస్తే బండ పెచ్చులూడుతుంది, మొక్కలు ఎండుతాయి. పసుపు, ఇంగువలతో చీమలు దారి మార్చుకుంటాయే తప్ప ఇల్లు ఖాళీ చేయవు.

మోసుకెళ్లేది వాటి చేతే

పుట్ట పోవాలంటే మందు రాణి దాకా చేరాలి. ఆ పని చీమల చేతే చేయించవచ్చు. మందుల షాపులో దొరికే బోరిక్ పౌడర్ (క్యారమ్ బోర్డు మీద చల్లేది అదే) ఒక గ్రాము, పంచదార పది గ్రాములు, వంద మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీటిలో పూర్తిగా కరిగించండి. దూదిని అందులో ముంచి, మూతకు చిన్న రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, సందు పక్కన నీడలో ఉంచండి. మొదటి రోజు చీమలు బారులు తీరతాయి. కంగారుపడి చంపకండి. అవి ఆ పాకాన్ని లోపలికి మోసుకెళ్లి మిగతా వాటికి పంచుతాయి. పొడి ఎక్కువేస్తే దారిలోనే చస్తాయి, పని జరగదు. రెండ్రోజులకోసారి దూది మార్చుతూ మూడు నాలుగు వారాలు ఓపిక పట్టాలి. ఎర్రచీమలు తీపి ముట్టకపోతే నూనె వస్తువులను ఇష్టపడే రకమని అర్థం.

డబ్బా మీద ‘విషం’ అని రాయడం, పిల్లలకూ కుక్కపిల్లలకూ అందకుండా పెట్టడం తప్పనిసరి.

మేస్త్రీ వంతు

రాకపోకలు తగ్గాక అసలు పని. ఊగే బండను పైకి లేపించండి. కింది ఇసుక తీసేసి, కంకర వేసి, తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టించి, ఆ తర్వాత సిమెంటు మాలు మీద బండను కూర్చోబెట్టాలి. మిగతా సందుల్లో అంగుళం లోతు మట్టి గీకి, కడిగి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుక కలిపి పాయింటింగ్ చేయించాలి. వారం పాటు తడపకపోతే నెర్రెలిస్తుంది. ఆ నెర్రే చీమలకు కొత్త తలుపు! ముందే పాయింటింగ్ చేయిస్తే చీమలు పక్క సందులోంచి బయటికొస్తాయి. అందుకే మందు తర్వాతే మేస్త్రీ.

వాకిలి మొత్తం సిమెంటు చేస్తే వాననీరు ఎటు పోతుందన్న ప్రశ్న వస్తుంది. పది అడుగులకు రెండంగుళాల వాలు పెట్టించి, నీటిని మొక్కల పాదుల్లోకో ఇంకుడు గుంతలోకో మళ్లించండి. చెట్టు మొదలు చుట్టూ రెండడుగులు మట్టిగానే వదిలేయండి.

కుడితే...

సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. గోకనివ్వకండి. ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగినా ఇంటి వైద్యాలతో ఆలస్యం చేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

చీమలన్నీ శత్రువులేం కావు. కొన్ని రకాలు చెదపురుగుల్ని వేటాడతాయి, రాలిన చెత్తను శుభ్రం చేస్తాయి. బియ్యప్పిండితో ముగ్గు పెట్టడంలో మన పెద్దల ఉద్దేశం కూడా అదే: నాలుగు చీమలు తింటాయని. ఆ ఆనవాయితీ మానక్కర్లేదు. వాకిట్లో రాతి ముగ్గు పెట్టుకుని, గుప్పెడు నూకలు పెరటి మూల చెట్టు మొదట్లో చల్లండి. వాటి కాపురం అక్కడ, మీ కాపురం ఇక్కడ!