తాడు తెగితే వెనక బండిని ఎవరు ఆపుతారు?

పోస్టు పెద్దదే. మా పోస్టులు ఎప్పుడు చిన్నగా ఉన్నాయని మీరు అడగవచ్చు. కాఫీ పక్కన పెట్టుకొని అయినా చివరిదాకా చదవండి, ఎందుకంటే ఇది మన పిల్లల ప్రాణాల సంగతి.

వారం రోజులుగా మన గ్రూపులో ఒక వీడియో తిరుగుతా ఉంది. అమెరికాలో ఉన్న మన సభ్యుల పిల్లలు పంపినది. బస్సంత పెద్ద బండి, లోపలే మంచం, వంటిల్లు, బాత్‌రూము. దాన్ని మోటార్‌హోమ్ అంటారట. దాని వెనక ఒక జీపు నాలుగు చక్రాలూ నేల మీదే ఆనించి, లోపల మనిషి లేకుండా బుద్ధిగా వెంట పోతా ఉంది. దీనికి అక్కడ ఫ్లాట్ టోయింగ్ అని పేరు. వీడియో బాగుంది, మేమూ రెండుసార్లు చూసినాము.

బాగాలేనిది దాని తర్వాత వచ్చిన ఆలోచన. ఈ పురట్టాసి నెల తిరుపతి యాత్రకు క్యారవాన్ వేన్ ఒకటి బాడుగకు తీసుకొని, దాని వెనక ఒక సభ్యుని చిన్న కారును కట్టి లాక్కుపోవడం. తిరుపతిలో కారు విప్పుకొని తిరుచానూరు, శ్రీకాళహస్తి చూసుకొని రావడం. లేత్ పట్టరలో ఇనుప కడ్డీ వెల్డింగ్ చేయిస్తారట. కడ్డీ కుదరకపోతే తాడు ఉండనే ఉందట. ఒక డ్రైవర్ బత్తా మిగులుతుందట. దీనికి గ్రూపులో వరసగా బొటనవేళ్ళు పడినాయి.

సంఘంలో రైల్వేలో రిటైరైన వాళ్ళం మేము కొందరం ఉన్నాము. మేము దీనికి ఒప్పుకోము. ఎందుకు ఒప్పుకోమో చెబుతాము.

మొదట, అమెరికావాళ్ళు చేయడం లేదా అనే మాట. చేస్తారు. కానీ వీడియోలో కనిపించేది సగమే. ఆ జీపు ముందు భాగంలో చట్రానికి బోల్టులతో బిగించిన ప్లేటు ఉంటుంది. దానికి తగిలించే టో బార్ ఎంత బరువుకు తగినదో దాని మీదే రాసి ఉంటుంది. బార్ విరిగినా బండి విడిపోకుండా పక్కన రెండు ఉక్కు తీగలు ఉంటాయి. ముందు బండి బ్రేకు నొక్కితే వెనక కారు బ్రేకు కూడా పడేలా వేరే పరికరం ఉంటుంది. అన్నీ తెగి కారు విడిపోతే తనంతట తానే బ్రేకు వేసుకొనే స్విచ్చి ఉంటుంది. ముందు బండి లైట్లతో పాటే వెనక కారు లైట్లు వెలిగేలా వైరింగ్ ఉంటుంది. ఇన్ని ఉన్నా, కారు తగిలించి ఉన్నంతసేపూ బండిని వెనక్కి పోనివ్వరు. పోనిస్తే ముందు చక్రాలు అడ్డంగా తిరిగి బార్ వంగిపోతుంది. దారి తప్పితే ముందు కారు విప్పి, ఆ తర్వాతే వెనక్కి తీస్తారు. ఇవన్నీ తీసేసి మనం తెచ్చుకున్నది ఒక్క కడ్డీ. కడ్డీ కూడా కాదు, తాడు!

అన్ని కార్లనూ ఇలా లాగడం అక్కడా కుదరదు. ఏ కారును నాలుగు చక్రాల మీద లాగవచ్చో తయారు చేసినవాళ్ళే మాన్యువల్‌లో రాస్తారు. కారణం గేరుబాక్సులో ఉంది. చాలా ఆటోమేటిక్ కార్లలో గేరుబాక్సుకు నూనె పంపే పంపు ఇంజిను తిరిగితేనే తిరుగుతుంది. ఇంజిను ఆపి లాగితే చక్రాలు లోపలి భాగాలను తిప్పుతూనే ఉంటాయి, నూనె మాత్రం అందదు. కొంత దూరం పోయేసరికి వేడెక్కి పాడైపోతుంది. న్యూట్రల్‌లో పెట్టినాము కదా అంటే చాలదు. మాన్యువల్ గేరు కార్లలో కొన్నింటికి పరవాలేదు, అన్నింటికీ కాదు. కరెంటు కార్లకయితే ఇంకా చేటు. చక్రం తిరిగితే మోటారు తిరుగుతుంది, మోటారు తిరిగితే కరెంటు పుడుతుంది. వీడియోలోలాంటి జీపులు కొన్నింటిలో చక్రాలకూ గేరుబాక్సుకూ సంబంధం తెంచే న్యూట్రల్ వేరుగా ఉంటుంది, అందుకే వాటిని అట్లా లాగుతారు. మన సభ్యుని చిన్న కారులో అది ఉందా? డ్రైవర్ బత్తా మిగిల్చి గేరుబాక్సు మార్పించుకోవడం ఏ లెక్క? కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని మన పెద్దలు ఊరికే అనలేదు.

రెండోది, వంద కిలోమీటర్లే కదా, ఎవరు అడుగుతారు అనే మాట.

1989లో మన దేశంలో రహదారి నియమాలు వచ్చినప్పుడు 20వ నిబంధన మొత్తం ఈ లాగడం గురించే రాసినారు. లాగదగినది చెడిపోయిన బండి, పూర్తిగా బిగించని బండి, రిజిస్టరైన ట్రైలరు, సైడ్ కార్ మాత్రమే. అదీ దగ్గరలో ఉన్న గ్యారేజీ దాకానో, పెట్రోలు బంకు దాకానో, డెలివరీకో. లాగబడే బండి స్టీరింగ్ దగ్గర లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి. లేదంటే స్టీరింగ్ చక్రాలను క్రేనుతోనో మరొక సాధనంతోనో నేల మీది నుంచి ఎత్తి పట్టాలి. రెండు బండ్ల మధ్య 5 మీటర్లకు మించకూడదు. తాడు గాని గొలుసు గాని మిగతా వాళ్ళకు కనబడేలా ఉండాలి. వెనక తెల్ల పలక మీద 75 మిల్లీమీటర్లకు తగ్గని నల్ల అక్షరాలతో ‘ఆన్ టో’ అని రాసి పెట్టాలి. వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదు.

2017లో కొత్త డ్రైవింగ్ నియమావళి వచ్చింది. పాతదాన్ని ఎత్తి చూపడం ఎందుకంటే, ముప్పై ఏళ్ళకు ముందే ఇంత ఆలోచించి రాసినారని మీకు తెలియాలి. బాగా నడిచే కారును, లోపల మనిషి లేకుండా, సౌకర్యం కోసం లాక్కుపోవడం ఈ మాటల్లో ఎక్కడ ఇముడుతుంది? అనుమానం ఉన్నవాళ్ళు ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. సరేనని రాసిచ్చిన కాగితం గ్రూపులో పెట్టండి, మేము నోరు మూసుకుంటాము. 24 కిలోమీటర్ల వేగంతో తిరువళ్ళూరు నుంచి తిరుపతికి నాలుగు గంటలకు పైనే పడుతుంది. అంత మెల్లగా పోయే ఓపిక మన యాత్ర వేన్‌లో ఎవరికి ఉందో చేతులెత్తండి.

మేము 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసిన తర్వాత బడికి పోయినవాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగంలో చేరితే ఇంగ్లీషు రూలు పుస్తకం. గుమాస్తాలమే గాని, ఆ పుస్తకంలో ప్రతి రూలు వెనకా ఒక ప్రమాదం ఉందని మా పెద్దలు మాకు మొదటి రోజే చెప్పినారు. ఒక బండి వెనక ఇంకొక బండిని కట్టడం మీద రైల్వేకు ఉన్నంత అనుభవం ఎవరికీ లేదు. అందుకే ఆ కథ ఒకటి చెబుతాము.

1889 జూన్ 12. ఐర్లాండులో ఆర్మా అనే ఊరు. ఒక సండే స్కూలు పిల్లలు, పెద్దలు కలిసి సముద్రం చూడడానికి ప్రత్యేక రైలులో బయలుదేరినారు. మన యాత్రలాంటిదే. మెరక ఎక్కలేక ఇంజిను నిలిచిపోయింది. రైలును రెండు ముక్కలు చేసి, ముందు ముక్కను మొదట చేర్చి వద్దామనుకున్నారు. ఆ రైలుకు బ్రేకులు లేక కాదు. ఉన్నాయి, కాని పెట్టెలు ఇంజినుకు తగిలించి ఉన్నంతవరకే పనిచేసే రకం. విప్పగానే వెనక పది పెట్టెలను పట్టినది గార్డు చేతి బ్రేకు, చక్రాల కింద పెట్టిన రాళ్ళు. ముందు ముక్క కదిలేటప్పుడు కొంచెం వెనక్కి జరిగి తగిలింది. అంతే, వెనక ముక్క పల్లంలోకి దొర్లి, వెనక వస్తున్న రైలును గుద్దింది. 80 మంది దాకా చనిపోయినారు. వాళ్ళలో చాలామంది పిల్లలు. అదే సంవత్సరం అక్కడి పార్లమెంటు చట్టం చేసింది: ప్రయాణికుల రైలుకు, తెగిపోతే తనంతట తానే పడే బ్రేకు ఉండి తీరాలి అని.

ఈ రోజు మన లైనులో పోయే ప్రతి రైలులో అదే సూత్రం. ఇంజిను నుంచి చివరి పెట్టె దాకా గాలి గొట్టం ఉంటుంది. మధ్యలో తెగితే గాలి పోతుంది, గాలి పోతే రెండు ముక్కలకూ బ్రేకు పడుతుంది. చివరి పెట్టెకు ఎల్.వి. పలక తగిలిస్తారు, రాత్రికి ఎర్ర దీపం. రైలు మొత్తంగా వచ్చిందా, ఏదైనా వెనక విడిపోయిందా అని స్టేషనువాళ్ళు దాన్ని చూసే తెలుసుకుంటారు. చెడిపోయిన ఇంజినును కూడా ఊరికే తగిలించరు. లాగడానికి తగిన స్థితిలో ఉందని బాధ్యత ఉన్నవాళ్ళు చూసి చెప్పాలి. పట్టాలు పక్కకు పోనివ్వని దారిలోనే ఇంత జాగ్రత్త. పట్టాలు లేని రోడ్డు మీద మనకు నైలాన్ తాడు చాలునా?

మూడోది, తాడు కట్టి లాగడం మనకు కొత్తా అనే మాట. కొత్త కాదు, దానికే మాకు భయం. ఇంజిను ఆగిన కారులో బ్రేకు రెండు మూడుసార్లు నొక్కేదాకే మెత్తగా ఉంటుంది, ఆ తర్వాత రాయి అవుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది. తాళం చెవి తీస్తే స్టీరింగ్ లాక్ పడిపోతుంది. తాడు లాగగలదే గాని నెట్టలేదు, ఆపలేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16 మీటర్లకు పైన. ముందు బండి గట్టిగా బ్రేకు వేసినాడని వెనకవాడికి అర్థమయ్యేలోపే ముందు బండి వేగం బాగా తగ్గిపోయి ఉంటుంది, వెనకది మాత్రం అదే వేగంతో వస్తూ ఉంటుంది. మధ్య ఉన్నది 5 మీటర్లు. ఈ లెక్క కారులో మనిషి ఉన్నప్పటిది. మనిషే లేకపోతే లెక్క వేసే పని కూడా లేదు.

మన రోడ్డు సంగతి మీకు తెలియనిది కాదు. ఆడి కృత్తికకు తిరుత్తణికి కావళ్ళు ఎత్తుకొని నడిచేవాళ్ళు, పురట్టాసిలో తిరుమలకు పాదయాత్రగా పోయేవాళ్ళు, అందరూ ఈ రోడ్డు అంచునే నడుస్తారు. రెండు బండ్ల మధ్య సందు కనిపిస్తే బైకువాడు దూరకుండా ఉంటాడా? చీకట్లో తాడు వాడికి కనిపిస్తుందా? తిరువాలంగాడు వైపు చెరకు ట్రాక్టర్లు వెనక లైటు లేకుండా రెండేసి ట్రైలర్లు లాగుతున్నాయని మనమే ఈ గ్రూపులో ఎన్నిసార్లు తిట్టినాము! వాళ్ళు పొట్టకూటి కోసం చేస్తారు. మనం ఒక బత్తా మిగలడానికి, వీడియో తీసుకోవడానికి చేస్తామా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

తిరుపతిలో దిగి బాడుగ కారు తీసుకోండి. తిరుచానూరుకు, శ్రీకాళహస్తికి బస్సులు ఉన్నాయి. వేన్ కూడా వద్దంటే మన లైనులో సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఉంది, దానికి వెనక కట్టిన ప్రతి పెట్టెకూ బ్రేకు ఉంది.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ నాలుగు తీర్మానాలు పెట్టమని అధ్యక్షులను, కార్యదర్శిని కోరుతున్నాము.

1. సంఘం పేరుతో పోయే ఏ బండి వెనకా ఇంకొక బండిని కట్టకూడదు.

2. దారిలో బండి నిలిచిపోతే అంచుకు తీసి, హెచ్చరిక లైట్లు వేసి, త్రికోణం పెట్టి, అందరినీ రోడ్డుకు దూరంగా దించాలి. జాతీయ రహదారి సహాయానికి 1033 ఉంది. మీ ఇన్సూరెన్సులో రోడ్డు సాయం ఉందేమో బయలుదేరే ముందే చూసుకోండి. బండిని మొత్తంగా ఎక్కించుకొని పోయే లారీనే పిలవాలి.

3. అది వచ్చేలోపు ప్రమాదమైన తావు నుంచి కొంచెం దూరం జరపక తప్పకపోతే, పగటిపూట, మెల్లగా, తాడుతో కాక గట్టి బార్‌తో. స్టీరింగ్ దగ్గర లైసెన్సు ఉన్న ఒక్కరు తప్ప వెనక బండిలో పిల్లలు, ముసలివాళ్ళు, ఎవరూ ఉండకూడదు. తాళం చెవి ఆన్‌లో ఉండాలి.

4. కారు ఉన్న ప్రతి సభ్యుడు మాన్యువల్‌లో లాగడం గురించిన పేజీ ఒకసారి చదవాలి. ఇంగ్లీషు కష్టమైతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించుకోండి. మేమూ అట్లే చదివించుకుంటాము.

మమ్మల్ని ముసలి రూలు పుస్తకాలని నవ్వుకునే తమ్ముళ్ళు నవ్వుకోండి, కోపం లేదు. తీర్మానాన్ని వ్యతిరేకించేవాళ్ళు మాత్రం కింద కామెంటులో ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాయండి: నాగలాపురం దగ్గరో, పుత్తూరు దగ్గరో ఆ కడ్డీ ఊడిందనుకుందాం, వెనక కారులో మనిషి లేడు, రోడ్డు అంచున పాదయాత్రవాళ్ళు నడుస్తున్నారు. ఆ కారును ఎవరు ఆపుతారు?