పట్ట చినిగినాక యాడికి పోతాది?

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల కుప్ప మీద పట్ట. కడప పక్క పసుపు ఆరబోసిన కల్లంలో కింద పట్ట. ఆదోనికి పత్తి తోలే బండి మీద పట్ట. మబ్బు పడితే చాలు, రైతు ముందు ఎతికేది దాన్నే. చినిగినాక అది ఏమైతాదని మాత్రం ఎవరూ అడగరు.

అంగట్లో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. నీలం రంగులో చౌకగా దొరికేది హెచ్‌డీపీఈ: పాలిథీన్ పట్టీలు నేసి, రెండు పక్కలా అదే జాతి ప్లాస్టిక్ పూస్తారు. లారీల మీద కప్పే బరువైన రకం, పాలిస్టర్ గుడ్డకు పీవీసీ పూసింది. పాతకాలం కాన్వాసు నూలుది, మైనం పట్టించింది.

ఏది మేలు? పీవీసీ పట్ట గట్టిది, ఏండ్లు వస్తాది. అయితే దాంట్లో క్లోరిన్ ఉంటాది. కాలిస్తే ఆమ్లపు పొగ, డయాక్సిన్లు వస్తాయి. గుడ్డ వేరు, పూత వేరు కాబట్టి కరిగించి మళ్లా వాడేదీ కష్టమే. హెచ్‌డీపీఈ అంతా ఒకే జాతి, కరిగించొచ్చు. దానికి శత్రువు ఎండ. యూవీ మందు సరిగా కలపకుంటే, 40 డిగ్రీలు దాటే మన ఎండలకు పెళుసుబారి పోగులు పోగులుగా రాలిపోతాది. కాన్వాసు మట్టిలో కలుస్తాది గానీ బరువెక్కువ, ధరెక్కువ, తడిమీద మడిచిపెడితే బూజు.

ఆ రాలే పోగులతోనే అసలు నష్టం. అవి కుళ్లవు, తునకలై మట్టిలోనే ఉంటాయి. గొడ్ల కడుపులోకి పోతాయి. పత్తిలో కలిస్తే నూలు తెగుతాది, ఆ పోగుకు రంగు అంటదు. అందుకే మిల్లులోళ్లకు అట్లాంటి పత్తి అంటే గిట్టదు. పత్తిని కాపాడాల్సిన పట్టే పత్తి ధరను తినేస్తాండాది.

అట్లని తప్పంతా రైతు మీదికి తోసేది న్యాయం కాదు. చేతిలో ఉండే దుడ్లకు ఏది వస్తే అది కొంటాడు. హెచ్‌డీపీఈ పట్టలకు ఐఎస్ 7903 అనే ప్రమాణం ఉంది. సబ్సిడీ మీద ఇచ్చే పట్టలకు కొలత, ధర చూస్తే సాలదు. మందం, ఎండకు ఎన్నాళ్లు ఆగుతాదో పట్ట మీదే అచ్చేయించాల. 2022లో కేంద్రం తెచ్చిన ఉత్పత్తిదారు బాధ్యత నిబంధనలు ప్యాకింగ్ ప్లాస్టిక్‌కే గానీ ఈ పట్టలకు కాదు. వీటినీ దాంట్లోకి తేవాల. పాత పట్ట తెచ్చిస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గించే పద్ధతి రైతు సేవా కేంద్రాల్లో పెట్టొచ్చు.

అంతదాకా కొనేటప్పుడు మనమే అడగాల: ఎన్ని జీఎస్‌ఎం, యూవీ ఉందా లేదా? చినిగిందాన్ని గట్టున పెట్టి కాల్చొద్దు, పాత సామాను కొనేటోళ్లకు వేద్దాం.