కౌన్సిలర్ ఈశ్వరీబాయి, చెక్కు మీద రెండో సంతకం (9వ భాగం)

ఏటా డిసెంబర్ 1న జె. ఈశ్వరీబాయి జయంతి. ప్రభుత్వమే దండ వేస్తుంది. ఉపన్యాసాల్లో ఆమె ఎల్లారెడ్డి నుంచి 1967, 1972లో గెలిచిన రిపబ్లికన్ పార్టీ ఎమ్మెల్యే, తెలంగాణ ఉద్యమ నాయకురాలు, గీతారెడ్డి గారి తల్లి. అన్నీ నిజమే. దాటేసేది ఒక్కటే. ఆమె రాజకీయం సికింద్రాబాద్ మున్సిపాలిటీలో చిలకలగూడ కౌన్సిలర్‌గా మొదలైంది.

అవి 1950ల తొలి రోజులు. స్థానిక సంస్థల్లో మహిళలకు మూడో వంతు సీట్లు ఇచ్చిన 73, 74 సవరణలకు ఇంకా నలభై ఏళ్లుంది. పంతులమ్మగా పనిచేసిన మాల ఇంటి ఆడమనిషి వార్డు గెలిచి, అసెంబ్లీ చేరేదాకా సుమారు పదిహేనేళ్లు రాజకీయాల్లో నిలబడింది. గెలవడం కన్నా ఆ నిలబడటమే నాకు పెద్ద సంగతి.

ఇవాళ మన దళిత అక్కలు సర్పంచులు అవుతున్నారు. నిలబడనిస్తున్నారా?

రొటేషన్ మారగానే సీటు జారిపోతుంది. అంచనాలు చదవడం, ఇంజనీరును నిలదీయడం అప్పుడప్పుడే నేర్చుకున్న మనిషి మళ్లీ నాట్లకు పోతుంది. అదే రొటేషన్ పెద్దిళ్లకు అడ్డం కాదు. జనరల్ అయితే భర్త, జనరల్ మహిళ అయితే భార్య, ఎస్సీ మహిళ అయితే వాళ్ల జీతగాడి పెళ్లాం. చదువుకున్నవాళ్లు "సర్పంచ్ పతి" అని నవ్వుతుంటారు. ఏ పతి, సార్? దళిత సర్పంచ్ భర్త గ్రామసభలో నేల మీద కూర్చునేవాడే. పెత్తనం వేరే ఇంటి మగవాడిది.

ఆ పెత్తనానికి చట్టం ముద్ర కూడా వేసింది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం తప్పనిసరి చేసింది. ఉపసర్పంచ్‌ను ఎన్నుకునేది వార్డు సభ్యులు. ఆ పదవికి రిజర్వేషన్ లేదు. సర్పంచ్ సీటు ఎస్సీ మహిళకు పోయిన ఊళ్లో ఆ కుర్చీ కోసం ఎవరు పోటీపడతారో మీకు తెలియనిది కాదు. ఆమె మోరీ తవ్విస్తుంది, బల్బులు పెట్టిస్తుంది, అప్పు తెచ్చి కూలీలకు ఇస్తుంది. బిల్లు దగ్గర ఆయన "చూద్దాం" అంటాడు. ఆ ఒక్క మాటతో ఐదేళ్లూ గడిచిపోతాయి. చివర్లో "ఆమెకు పాలన చేతకాలేదు" అని మనమే రాస్తాం.

అవినీతి ఆపడానికే ఈ ఉమ్మడి సంతకం అంటారు. నిజంగా అందుకే అయితే పంచాయతీ కార్యదర్శి సంతకం చాలు. ప్రభుత్వానికి జవాబు చెప్పాల్సిన ఉద్యోగి అతను. ఆమె మీద పోటీగా నిలబడ్డవాడి మనిషికే ఆ కలం ఎందుకు?

ఎస్సీ, ఎస్టీ మహిళా సర్పంచులున్న చోట ఉపసర్పంచ్ సంతకం తీసేయండి. జయంతికి దండతో వచ్చే మంత్రిని ముందు ఇది అడగండి. చెక్కులు ఆగిపోయిన అక్కలెవరైనా ఇన్‌బాక్స్‌లో రాయండి. పేరు, ఊరు బయటపెట్టను.