స్పెయిన్‌లో కూరగాయల వంటకం: అడిగి తెలుసుకోవలసిన సంగతులు

గ్రెనడాలోని అల్‌హంబ్రాను, కార్డోబాలోని ప్రాచీన మస్జిదు స్తంభాలను ఒక్కసారైనా చూడాలన్న కోరిక మన కుటుంబాల్లో చాలామందికి ఉంటుంది. విదేశాల్లో ఉద్యోగాలు చేస్తున్న బిడ్డల పుణ్యమా అని ఆ ప్రయాణం నేడు కొందరికి సాధ్యమవుతోంది కూడా. బయలుదేరే వారికి మనమిచ్చే సలహా ఒకటుంది: “హలాల్ మాంసం దొరకని చోట కూరగాయలు తినండి.” సలహా మంచిదే. అయితే స్పెయిన్‌లో అది సగం దూరమే తీసుకెళుతుంది.

ఉప్పులో ఊరవేసి ఆరబెట్టిన పంది తొడను అక్కడ ‘హమోన్’ అంటారు. దాన్ని విడిగా తినడమే కాక, మనం పోపు వేసినట్లు రుచి కోసం కూరల్లోనూ వేస్తారు. అందుకే ‘సిన్ కార్నే’, అంటే ‘మాంసం లేకుండా’ అని చెప్పినా, ఒక్కోసారి హమోన్ ముక్కలతోనే పళ్లెం వస్తుంది. వడ్డించేవారి దృష్టిలో ‘కార్నే’ వేరు, హమోన్ వేరు. కార్డోబాలో టమాటా, రొట్టె, ఆలివ్ నూనెతో చేసే చల్లని ‘సాల్మొరేహో’ మీద గుడ్డుతోపాటు హమోన్ చల్లుతారు. పప్పు వంటకమైన ‘లెంతేహస్’లో తరచుగా పంది మాంసపు సాసేజి ఉంటుంది. ‘తోర్తియా’ సాధారణంగా బంగాళదుంపల అట్టే. కానీ గ్రెనడాలోని ‘సాక్రొమోంతే తోర్తియా’లో మెదడు వంటి భాగాలు వేస్తారు. మజోర్కా ద్వీపపు మెత్తని రొట్టె ‘ఎన్సైమాదా’కు ఆ పేరు వచ్చిందే పంది కొవ్వు నుండి.

కనుక కచ్చితమైన మాటలు నేర్చుకుని వెళ్లాలి: ‘సిన్ హమోన్’, ‘సిన్ సెర్దో’ (పంది మాంసం లేకుండా), ‘సిన్ మాంతెకా’ (పంది కొవ్వు లేకుండా), ‘సిన్ వీనో’ (ద్రాక్ష సారా లేకుండా). కూరగాయల పాయెల్యా అడిగేటప్పుడు అన్నం ఉడికించిన రసం దేనితో కాచారో, వేపుళ్లు అడిగేటప్పుడు అదే నూనెలో మాంసం వేయించారో లేదో కనుక్కోవాలి. ఐరోపా సమాఖ్య నియమాల ప్రకారం భోజనశాలలు తెలియజేయవలసిన 14 అలర్జీ పదార్థాల జాబితాలో పంది మాంసం లేదు. కాబట్టి ఆ జాబితా చూసి నిశ్చింతపడరాదు.

ఇంత జాగ్రత్త తరువాత కూడా విస్తరి నిండుగానే ఉంటుంది. సెవిల్యాలో పాలకూర, శనగల కూర, అండలూసియాలో చెరకు పాకం పోసిన వంకాయ వేపుడు, బాదం, వెల్లుల్లి, రొట్టె నూరి చేసే చల్లని ‘అహోబ్లాంకో’, టమాటా పులిమిన రొట్టె, బంగాళదుంపల తోర్తియా. చేపలు తినేవారికి మార్గం మరింత విశాలం.

ఆ పళ్లెంలో మన చరిత్ర కూడా ఉంది. వరి, చెరకు, వంకాయ, పాలకూర ఆ నేలలో వేళ్లూనుకున్నది ముస్లిముల కాలంలోనే. బియ్యానికి ‘అర్రోస్’, చక్కెరకు ‘అసూకర్’, నూనెకు ‘అసెయితే’ అన్న స్పానిష్ మాటలు అరబీ నుండి వచ్చినవి. వంకాయకు వారనే ‘బెరెన్‌హేనా’ మన ఇళ్లలోని ‘బైంగన్’కు దూరపు బంధువు. 1492లో గ్రెనడా చేజారిన తరువాత, బలవంతంగా మతం మార్చబడిన ముస్లిముల వంటిళ్లపై నిఘా పడింది. పంది మాంసం, సారా ముట్టకపోవడం మతవిచారణ న్యాయస్థానాల దృష్టిలో అనుమానానికి కారణమయింది. చివరకు 1609 నుండి 1614 వరకు వారి సంతతిని దేశం నుండే వెళ్లగొట్టారు.

“ఇందులో హమోన్ ఉందా?” అని నాడు ఆ నేలపై ఒక ముస్లిం బహిరంగంగా అడగడం ప్రాణాపాయం. నేడు అదే ప్రశ్నను మనం చిరునవ్వుతో అడగవచ్చు, మర్యాదగా జవాబు పొందవచ్చు. వడ్డించేవారికి శ్రమ ఇస్తున్నామన్న మొహమాటంతో పిల్లల ముందు ఆ ప్రశ్నను మింగేయకండి. తల్లిదండ్రులు సౌమ్యంగా అడగడం చూసిన బిడ్డ, రేపు ఒంటరిగా ఏ దేశంలో ఉన్నా జంకు లేకుండా అడుగుతాడు. జవాబు స్పష్టంగా రాకపోతే రొట్టె, ఆలివ్ కాయలు, నారింజ పండ్లతో ఆ పూట గడిచిపోతుంది.