నాలుగు రోజుల ఆసరా

మా వెంగళరావు నగర్ పక్కనే ఎర్రగడ్డ మానసిక వైద్యశాల. ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే “ఎర్రగడ్డకు పంపించాలి” అని నవ్వుకుంటాం. ఆ వేళాకోళానికి జడిసే, అవసరమున్నవాళ్లు ఆ గడప తొక్కరు.

బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని ఒక జబ్బుంది. అయినవాళ్లు వదిలేస్తారేమోనన్న భయం. ఈ క్షణం ప్రేమ, మరుక్షణం కోపం. ఆ ఉద్రేకంలో కొందరు ప్రాణానికే తెగిస్తారు. చూచేవాళ్లు పొగరంటారు. పొగరు కాదు, బాధ.

ఆసుపత్రి ఆ గండం గడిచేందుకే. చాలామందికి కొద్దిరోజులు చాలు. అసలు వైద్యం ఇంటికి వచ్చాక, వారం వారం మాట్లాడుతూ సాగేది. ఆ పద్ధతిని 1993లో గ్రంథస్థం చేసిన అమెరికా శాస్త్రవేత్త మార్షా లైనహన్, 1961లో పదిహేడేళ్ల పిల్లగా ఆసుపత్రిలో చేరి, రెండేళ్లకు పైగా అక్కడే మగ్గింది. ఆ సంగతి 2011లో తానే లోకానికి చెప్పింది.

తమంతట తాము చేరిన పెద్దవాళ్లు వెళ్తామంటే, మామూలుగా పంపవలసిందేనని మన 2017 చట్టమూ అంటున్నది. కనుక చేర్చిన రోజే డాక్టరుగారిని అడగండి: “ఇంటికెప్పుడు? ఆ తరువాత ఎవరికి చూపించాలి?” అర్ధరాత్రి భయమేస్తే టెలి మానస్ 14416కు ఫోను చేయండి. పరువు కోసం మాత్రం ఆగకండి.