తలనొప్పీ ఒక రోగమేనా?

జ్వరమంటే నమ్ముతారు. కాలు విరిగిందంటే పరుగెత్తుకొస్తారు. కణతలు పగిలిపోతున్నాయని చెప్పి చూడండి! 'చదవలేక సాకు' అంటాడు రూమ్మేటు. 'తలనొప్పీ ఒక రోగమేనా?' అంటారు లెక్చరరుగారు. థర్మామీటరుకు అందని బాధ మనవాళ్లకు బాధ కాదు. ఈ అపనమ్మకమే తలనొప్పి కంటే పెద్ద జబ్బని నా అభిప్రాయం. ఎందుకంటే, నమ్మరని తెలిసినవాడు ఎవరికీ చెప్పుకోడు. మాత్ర మింగి ఊరుకుంటాడు.

కణత నొప్పికి తెలుగిళ్లలో మొదట గుర్తొచ్చే మందు అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు. ఆ రాబడి అండతోనే ఆంధ్రపత్రిక నడిపారు కనుక, మన తలనొప్పులు తెలుగు భాషకు కొంత సేవ చేశాయనే చెప్పాలి! రాసుకుంటే హాయిగా ఉంటుంది, కాదనను. కానీ నొప్పి ఎందుకొచ్చిందో బామ్ అడగదు కదా.

అడగాల్సింది మనం. పళ్లు గట్టిగా బిగించి కణత మీద వేలు పెట్టి చూడండి, లోపల కండ కదులుతుంది. నమలడానికి పనికొచ్చే కండ అది. పరీక్షల ముందు రాత్రంతా మెడ వంచి, పళ్లు బిగబట్టి చదివేవాడికి, తుండుగుడ్డ బిగించి కట్టినట్టు రెండు కణతలూ నొక్కేస్తే ఆశ్చర్యమేముంది? మా నాదర్‌గుల్ నుంచి ఏమీ తినకుండా బస్సెక్కి, ఎండలో నిలబడి, గుక్కెడు నీళ్లయినా తాగకుండా క్లాసుకు చేరేవాళ్ల సంగతీ ఇంతే. నిద్ర, తిండి, నీళ్లు, అవసరమైతే కళ్లద్దాలు - వీటితోనే చాలామందికి తగ్గిపోతుంది.

ఒంటికణత నొప్పి దారి వేరు. మైగ్రేన్ అంటున్నది ఎక్కువగా దీన్నే. ఒక పక్క నాడి కొట్టుకున్నట్టు పోటు, వాంతి, వెలుతురు చూడలేకపోవడం, చప్పుడు పడకపోవడం. మందు వేసుకోకపోతే 4 గంటల నుంచి మూడు రోజుల దాకా వదలదు. ఇది మెదడుకు, నరాలకు సంబంధించిన జబ్బు, బద్ధకం కాదు. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. హాస్టల్లో లైటు తీసేసి పడుకున్న అమ్మాయిని 'నాటకాలు' అన్నవాళ్లు మనలోనే ఉన్నారు. నేనూ అన్నాను. డాక్టరు చీటీ తెచ్చినవాళ్ల విషయంలోనైనా అధ్యాపకులు దీన్ని జబ్బుగా లెక్కగట్టి అటెండెన్సులో మినహాయింపు ఇవ్వాలి. యూనియన్ కోర్కెల జాబితాలో ఇదీ చేరాలి.

ఇక మాత్రల సంగతి. ఉపశమనానికి కొనుక్కునే మాత్రే, నెలలో 15 రోజులు, కొన్ని రకాలైతే 10 రోజులే, మూడు నెలలకు పైగా మింగుతూ పోతే తానే తలనొప్పి తెస్తుంది. నొప్పికి మాత్ర, మాత్రకు నొప్పి! మింగిన రోజల్లా క్యాలెండరులో గీత పెట్టుకోండి. వారానికి రెండు మూడు గీతలు పడుతున్నాయంటే డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

కొన్నిటికి మర్నాటిదాకా ఆగరాదు. పిడుగు పడ్డట్టు క్షణాల్లో మొదలైన నొప్పి, జ్వరంతో మెడ పట్టేయడం, మూతి వంకర, మాట తడబాటు, చెయ్యో కాలో పడిపోవడం, ఫిట్సు, బండి మీంచి పడ్డాక పెరుగుతున్న నొప్పి. అప్పుడు బామ్ సీసా వెతక్కండి, 108కి ఫోను చేయండి.

మనకంటే ఇంటి దగ్గర పెద్దవాళ్ల గురించే నాకు భయం. యాభై దాటినవాళ్లకు కొత్తగా కణత నొప్పి మొదలైతే తేలిగ్గా తీసుకోవద్దు. కణత దగ్గరి రక్తనాళం వాచే జబ్బొకటుంది. మన దేశంలో అరుదే గానీ, ఆలస్యమైతే చూపు పోతుంది. పోయిన చూపు సాధారణంగా తిరిగిరాదు. వెంటనే కనిపెడితే స్టెరాయిడ్ మందులతో కాపాడవచ్చు. సెలవులకు ఊరెళ్లినప్పుడు నాయనమ్మ 'కణత గుంజుతుంది బిడ్డా, దుకాణం నుంచి బామ్ తే' అంటే, లేచేముందు అడగండి: నమిలితే దవడ నొస్తుందా? దువ్వెన పెడితే నెత్తి నొస్తుందా? చూపు మసకేసిందా, ఒకటి రెండుగా కనిపిస్తుందా? ఒక్కదానికి అవునన్నా బామ్ సంగతి తర్వాత, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపొండి.