తెడ్డు కర్ర దొంగసొత్తా?

భీమవరంలో ఏ రొయ్యల చెరువు గట్టెక్కినా ఏరియేటర్ల తెడ్లు నీళ్లు కొడుతూ కనిపిస్తాయి. కరెంటుతో తిరిగే ఆ తెడ్డును పరిశ్రమ అంటారు. పాపికొండల దగ్గర కొండరెడ్డి చేతిలోని కర్రతెడ్డును మాత్రం వెనకబాటుతనం అంటారు, ఫొటో తీసుకుని మరీ.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగితే 26 మంది బతికి బయటపడ్డారు. వాళ్లను కాపాడటానికి ముందు పరుగెత్తింది తూటుగుంట గిరిజనులు, తమ పడవలేసుకుని. ఆ నీటి వడి వాళ్లకు ఏ శిక్షణా కేంద్రం నేర్పలేదు.

తెడ్డు చెయ్యడం తేలికనుకుంటారు. రంపపు పలకను తెడ్డు రూపంలో కోస్తే తెడ్డు కాదు. నార తిన్నగా సాగిన దుంగను ఆ నార వెంబడే చీల్చాలి. నార అడ్డంగా తెగితే వడిలో బలం పడగానే విరుగుతుంది. గొడ్డలితో రూపు తీసి, బాడిశతో రెక్కను పలచన చెయ్యాలి. మెడ దగ్గర మాత్రం పిసినారిలా ఉండాలి. పొడవుకు కొలత పట్టేవాడి ఒళ్లే, టేపు కాదు.

ఉత్తర అమెరికా సరస్సుల ఒడ్డున అనిషినాబేలూ ఒకే చెక్కలోంచి, వంకర కత్తితో తమవైపు లాక్కుంటూ తెడ్డు చెక్కుతారు. తెడ్డును మ్యూజియానికిచ్చి వాళ్లు ఊరుకోలేదు. 1837 ఒప్పందంలోని వేట, చేపల, అడవి వరి హక్కుల కోసం కోర్టుకెక్కి 1999లో అమెరికా సుప్రీంకోర్టులో గెలిచారు.

మనకు 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. అందులో వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి, కలప కాదు. అంటే గడ మనది, తెడ్డు కర్ర దొంగసొత్తు! అడవి చట్టాల మీద తిరగబడ్డ మన్యం పోరు గుర్తుగా భీమవరంలో అల్లూరికి 30 అడుగుల విగ్రహం నిలిపారు. నిలపండి, కాదనం. ఆ అడవిలో ఒక దుంగ మాటేమిటి?

తెడ్లకని చెట్లు కొడితే అడవి మిగులుతుందా అని అడిగేవారున్నారు. పోలవరం నీళ్ల కింద వేల ఎకరాల అడవి పోతుంటే వారికి ఈ బెంగ రాలేదేం?

అదే చట్టం 3(1) సెక్షన్ చివర్లో ఇతర సంప్రదాయ హక్కులూ అడగవచ్చని ఉంది. వేటను మాత్రం అందులోంచి తీసేశారు, తెడ్డును తీయలేదు. మాస్టారూ, వర్క్ ఎక్స్‌పీరియన్స్ పీరియడ్‌లో కాగితం పూలు చాలు. పిల్లల్ని తెడ్డు చెక్కే తాత దగ్గరకు తీసుకెళ్లండి. ఏ కర్ర, ఏ కొండ, ఏడాదికెన్ని, ఆయన చెప్పింది రాయించండి. పెద్దల వాంగ్మూలం ఆ చట్టం కింద సాక్ష్యమే. తమ్ముళ్లూ, ఆ కాగితం ఫారం-బికి జతచేసి వచ్చే గ్రామసభలో పెట్టండి, రసీదు అడిగి తీసుకోండి.